పార్కిన్సన్ రోగులకు ఇంటివద్ద ఫిజియోథెరపీ: మేము వాడిన సేవపై సమీక్ష

పార్కిన్సన్ వ్యాధి ఉన్న మా నాన్నగారి కోసం, విజయవాడలో ఇంటికే వచ్చి వ్యాయామం చేయించే ఒక ఫిజియోథెరపీ సేవను కొన్ని నెలలుగా వాడుతున్నాము. మెదడులో, కదలికలకు అవసరమైన రసాయనమైన డోపమిన్‌ను తయారుచేసే కణాలు క్రమంగా నశించడం వల్ల వచ్చే ఈ జబ్బు లక్షణాలను మందులు అదుపులో ఉంచగలవే తప్ప జబ్బును పూర్తిగా నయం చేయలేవు కనుక, నడకనూ నిలదొక్కుకునే శక్తినీ కాపాడుకోవడానికి వ్యాయామం ఎంతో అవసరం.

ఫిజియోథెరపిస్టు గారు మొదటి రోజే నాన్నగారు లెవోడోపా (మెదడులో డోపమిన్‌గా మారే మందు) మాత్రలు ఏయే వేళల్లో వేసుకుంటున్నారో అడిగి, మందు బాగా పనిచేసే సమయానికే వ్యాయామాన్ని కుదిర్చారు. ఈ శ్రద్ధ నాకు అన్నిటికన్నా నచ్చింది. గుమ్మం దగ్గరికి రాగానే నాన్నగారి పాదాలు నేలకు అతుక్కుపోయినట్లు ఆగిపోయేవి. ఆవిడ అక్కడ పసుపు రంగు టేపును అడుగుకొకటి చొప్పున అడ్డంగా అంటించి, “ఒకటి, రెండు” అని లెక్కపెడుతూ ఒక్కో గీతనూ దాటమన్నారు. ఆయన దాటారు. అలా ఆగిపోయినప్పుడు చెయ్యి పట్టుకుని లాగవద్దని మాకు గట్టిగా చెప్పడమే కాక, మంచం మీద నాన్నగారిని పక్కకు ఒత్తిగిలించి లేపే పద్ధతిని అమ్మకు ఓపికగా నేర్పారు.

లోపాలు కూడా ఉన్నాయి. ముందుగా చెప్పకుండా వేరొకరిని పంపిన రోజులున్నాయి. ఆలస్యంగా వస్తే మాత్ర ప్రభావం తగ్గిపోయి ఆ పూట వ్యాయామం సరిగా సాగదు. మాట సన్నగిల్లినా, మింగడం కష్టమైనా అవసరమయ్యే స్పీచ్ థెరపీ వీరివద్ద లేదు. అందువల్ల ఇటువంటి సేవలో చేరేవారు న్యూరాలజిస్టు సలహా తీసుకుని, ఒకే మనిషి ఒకే వేళకు వస్తారన్న హామీ పొందాకే డబ్బు చెల్లించాలి.