నల్లమలలో నాలుగు రోజులు: పులి కనబడని యాత్ర లెక్క

మా నాన్నది దేవరకొండ దగ్గరి పల్లె. వేరుశనగ చేను ఊడలు దిగే వేళకు అడవి పందుల మంద వచ్చి, ఒక్క రాత్రిలో సాళ్లకు సాళ్లు తవ్విపోసే ఊరు అది. కాబట్టి డిసెంబరు సెలవుల్లో నల్లమలకు పోదామని నేను అన్నప్పుడు ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. చివరకు, "అవి మన చేన్లకు వచ్చి ఉత్తగనే మేసి పోతున్నయి. మనం పైసలు కట్టి వాటి ఇంటికి పోవుడు ఎందుకురా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. అయినా ఆయన బయలుదేరాడు, ఎందుకంటే నాల్గవ తరగతి చదువుతున్న మా అమ్మాయి తాత లేకుండా కారెక్కనన్నది.

నాలుగు రోజుల్లో మేము చూసిన చోట్లను, దిగిన బసలను, అందుకున్న సేవలను ఇక్కడ బేరీజు వేస్తున్నాను. గది ఎంత పెద్దది, అన్నం ఎట్లా ఉంది అన్నవి కూడా చెప్తాను కానీ, నేను ముఖ్యంగా చూసుకున్నది వేరే సంగతి. అక్కడి నుంచి వచ్చాక మా అమ్మాయి, మా నాన్న ఏం మాట్లాడుకున్నారు, ఏం అడిగారు అన్నదే ఈ లెక్కలో నా కొలత.

నల్లగొండ నుంచి దేవరకొండ, డిండి మీదుగా వెళ్లి హైదరాబాద్–శ్రీశైలం రహదారి పట్టుకుంటే హాజీపూర్ చౌరస్తా వస్తుంది. అక్కడి నుంచి ఘాటెక్కితే మన్ననూర్. డిండి దాటాక కరెంటు తీగ మీద ఒక పాలపిట్ట కనిపించింది. కూర్చున్నంతసేపూ మట్టిరంగులోనే ఉండి, లేచి రెక్కలు విప్పగానే నీలమంతా బయటపడింది. అది మన రాష్ట్ర పక్షి అని మా అమ్మాయి పుస్తకంలో చదివిన మాట చెప్పింది. దసరా నాడు పంజరంలో పాలపిట్టను పెట్టుకుని గడప గడపకూ తిప్పి దక్షిణ అడిగే వాళ్లను తాను చూశానని నా భార్య గుర్తుచేసింది. అట్లా పట్టి బంధించడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. చూస్తే శుభమని నమ్మిన పిట్టనే పంజరంలో పెట్టి చూడటం ఏమి శుభమో నాకు ఎన్నడూ అర్థం కాలేదు.

మొదటి రాత్రి బస గురించి ముందుగా చెప్పి వదిలించుకుంటాను. మన్ననూర్‌లో మాకు మరుసటి రోజుకు గానీ కాటేజీ దొరకలేదు గనుక, ఘాటుకు ఇవతలనే ఉన్న ఒక ప్రైవేటు రిసార్టులో దిగాము. దాని పేరు ఇక్కడ రాయను. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లు వచ్చాయి, నాటుకోడి కూర నిజంగా బాగుంది. అయితే ఫోన్లో "అడవి ఒడిలో ప్రశాంతత" అని చెప్పి రమ్మన్నవాళ్లు, రాత్రి పదకొండు దాకా లాన్‌లో డీజే పెట్టారు. చెట్లకు పచ్చ రంగు ఫోకస్ లైట్లు కట్టారు. గోడ మీద నోరు తెరిచిన పులి బొమ్మ, ఆ పులి ముందర సెల్ఫీ దిగడానికి వరుస. మేనేజరును అడిగితే, "గిరాకీ అదే కావాలంటది సార్, మేమేం చేస్తం" అన్నాడు. ఆయన మాటలో అబద్ధం లేదు, అదే నాకు ఎక్కువ బాధ. పొద్దున కారెక్కుతూ మా అమ్మాయి అడిగిన ప్రశ్న ఒక్కటే: ఇంటికి పోయేటప్పుడు కూడా ఇక్కడే ఈత కొట్టొచ్చా అని.

ఘాటు పైన సంగతి పూర్తిగా వేరు. మన్ననూర్ చెక్‌పోస్టు దగ్గర వాహనానికి రుసుము కట్టి లోపలికి పోవాలి. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా ఈ దారిలో వాహనాలను వదలరు గనుక, పగలే చేరేటట్టు బయలుదేరండి. ఈ ఏర్పాటు మీద విసుక్కునే వాళ్లు ఉంటారు కానీ, చీకటి పడ్డాక ఆ రోడ్డు దుప్పులది, చిరుతలది, ఒంటినిండా పొలుసులుండే అలుగులది అని తెలిసినవాళ్లెవరూ విసుక్కోరు. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంగా 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చిన ఈ అడవిలో, రాష్ట్రం విడిపోయాక కృష్ణకు ఉత్తరాన ఉన్న భాగం 2015లో అమ్రాబాద్ పులుల అభయారణ్యం అయింది. విస్తీర్ణం 2,600 చదరపు కిలోమీటర్లకు పైమాటే. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో పరుచుకుని ఉంది. మన నల్లగొండ వాళ్లలో ఎంతమందికి మన జిల్లాలోనూ పులుల అభయారణ్యం ఉందని తెలుసో నాకు అనుమానమే.

మన్ననూర్‌లో అటవీ శాఖ కాటేజీలు ఉన్నాయి. 2021 నుంచి బస, సఫారీ, నడక కలిపి ఒకే ప్యాకేజీగా ఇస్తున్నారు. గది చిన్నది, సామాను తక్కువ, టీవీ చూడాలని మాలో ఎవరికీ తోచలేదు. పక్కనే ఉన్న పర్యావరణ విద్యా కేంద్రానికి ముందుగా వెళ్లడం మంచిదయింది. అడవిలో దూరం నుంచి క్షణం పాటు కనబడి మాయమయ్యే జంతువులేవో పిల్లలకు ఒక ఊహ ఏర్పడుతుంది. పులి చారలు మన వేలిముద్రల వంటివని, ఏ రెండు పులులకూ ఒకే తీరుగా ఉండవని, చెట్లకు కట్టిన కెమెరాల్లో పడిన ఫొటోల నుంచే పులులను లెక్క తేలుస్తారని అక్కడ తెలుసుకున్న మా అమ్మాయి, సాయంత్రం దాకా కనబడిన ప్రతి పిల్లి చారలనూ పరీక్షించింది.

ఈ యాత్రలో నిజంగా డబ్బుకు తగిన పని ఏదైనా జరిగిందంటే అది మరునాటి ఉదయపు సఫారీ. అందుకు కారణం జీపు కాదు, మాతో వచ్చిన చెంచు గైడు. ఇరవై అయిదేళ్లకు అటూ ఇటూ ఉంటాడు. ఫరహాబాద్ వైపు పోతుండగా అతను చేయి ఎత్తి జీపు ఆపించి, ఇంజను ఆర్పించి, రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడవద్దన్నాడు. మద్ది చెట్టు మీద కొండముచ్చులు, చెట్టు కింద చుక్కల దుప్పులు. పైనున్నవి సగం కొరికి వదిలేసిన ఆకును కిందివి ఏరుకుని తింటున్నాయి. పైవాటికి దూరం కనబడుతుంది, కిందివాటికి వాసన తెలుస్తుంది, ఎవరు ముందు కనిపెడితే వాళ్లు అరుస్తారని అతను గుసగుసగా చెప్పాడు. ఆ రోజు ఏదీ అరవలేదు. అంటే దగ్గరలో పులి లేదు, చిరుత లేదు. వెనక జీపులోని వాళ్లు ఆ రెండు నిమిషాలకే విసిగి ముందుకు పోయారు.

ఇంకొంచెం దూరం పోయాక దారి పక్కన తవ్వి పడేసిన చెదలపుట్ట చూపించాడు. ఎలుగుబంటి పని. దానికి పై వరుసలో ముందరి పళ్లు రెండు ఉండవు, ఆ సందులోంచి చెదలను ఊదుతూ పీలుస్తూ తింటుంది. పుట్టకు నాలుగడుగుల దూరంలో దాని పేడ ఎండి ఉంది. గైడు పుల్లతో దాన్ని విప్పితే లోపలంతా రేగు గింజలు. ముడుతలు పడిన చిన్న చిన్న గింజలు, కొన్నిటికి ఇంకా తోలు అంటుకునే ఉంది. మా అమ్మాయి ముక్కు మూసుకుని వంగి చూస్తుంటే, మా నాన్న పూర్తిగా గొంతుకూర్చున్నాడు. గొర్రెల పెంటలో తుమ్మ గింజలు చూసి ఎరిగిన మనిషి గనుక వెంటనే పట్టేశాడు.

"అంటే ఈ రేగు చెట్లన్నీ ఎలుగు నాటినయేనా?"

"రేగు, రేల, తునికి... శానా మట్టుకు దాని సేద్యమే తాతా. మేం తినేదే అది తింటది, అది తినేదే మేం తింటం" అన్నాడు గైడు.

సేద్యం అన్న మాట మా నాన్నకు నచ్చింది. ఇక అక్కడి నుంచి వాళ్లిద్దరిదే మాట. చేను తవ్వే పందుల సంగతి కూడా వచ్చింది. పులి, రేచుకుక్కలు తిరిగే చోట పందులు అట్లా మందలు కట్టి బరితెగించవని, మీ గుట్టల్లో వాటిని తినేది ఏదీ మిగల్లేదని అతను అన్నాడు. "మా గుట్టల పులి ఉంటే నేను చేనుకే పోను గదయ్యా" అన్నాడు మా నాన్న. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ ప్రశ్న అక్కడితో తేలలేదు, తేలేది కూడా కాదు. పందుల బెడదకు కాపలా కాసి కాసి నిద్ర లేని రైతుకు జీవవైవిధ్యం గురించి ఉపన్యాసం ఇస్తే వినడు, వినవలసిన అవసరమూ లేదు. కానీ అడవిలో బతికే మనిషి తన కష్టం చెప్తే, చేనులో బతికే మనిషి వింటాడని ఆ పొద్దున కళ్లారా చూశాను.

కొండతేనె కోసేటప్పుడు బండ అంచు నుంచి దిగే మనిషి తాడును పైన ఎవరు పట్టుకుంటారో కూడా అతను చెప్పాడు. బావమరిది పట్టుకుంటాడు. చెల్లెలో అక్కో ముండమోయాలని ఏ మనిషీ కోరుకోడు గనుక తాడు జారదు. ఫరహాబాద్ వ్యూ పాయింటు దగ్గర, కింద మైదానమూ దూరాన చెరువు తళతళా పొద్దున ఎండలో కనబడుతుంటే, అందరూ ఫొటోలు తీసుకుంటున్నారు. మా నాన్న మాత్రం నా భార్య తమ్ముణ్ని తలచుకుని, "మీ బావమరిదిని నమ్మి నువ్వైతే దిగకురా" అన్నాడు.

గైడు మాటల్లో ఇంకొక సంగతి వచ్చింది. వటవర్లపల్లి, సార్లపల్లి వంటి లోపలి ఊళ్లను అడవి బయటకు తరలించే ప్రయత్నం చాలా కాలంగా నడుస్తోంది. పులికి చోటు కావాలన్నది ఒక వాదన, భూమీ బతుకూ బయట దొరుకుతాయా అన్నది రెండవ వాదన. నాలుగు రోజులు తిరిగి వచ్చిన నాకు ఇందులో తీర్పు చెప్పే అర్హత లేదు. అయితే 2019లో యురేనియం అన్వేషణ మాట వచ్చినప్పుడు ముందుగా రోడ్డెక్కినది అమ్రాబాద్, పదర మండలాల జనమే. ఆ సెప్టెంబరులో శాసనసభ దానికి వ్యతిరేకంగా తీర్మానం చేసేదాకా వాళ్లు వదలలేదు. వాళ్లలో ఎక్కువమంది ఏనాడూ సఫారీ జీపు ఎక్కి ఉండరు. తమ వాగు నీళ్లు, తమ పశువులు, తమ లింగమయ్య అన్నదే వాళ్ల బంధం. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం లోయలోకి "వస్తున్నం లింగమయ్యా" అని కేక వేస్తూ దిగే జనాన్ని చూసినవాళ్లకు ఇది కొత్తగా చెప్పనక్కరలేదు.

మల్లెల తీర్థం గురించి తక్కువే రాస్తాను. వటవర్లపల్లి దగ్గర ప్రధాన రహదారి వదిలి లోపలికి పోవాలి, ఆ తరువాత మెట్లు చాలానే దిగాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పైనే ఆగడం మంచిది, మా నాన్న ఆగాడు. డిసెంబరుకు ధార సన్నబడింది, అయినా నీడ బాగుంటుంది. జలపాతం ఉరకడం చూడాలంటే వానలు వెనకబట్టిన తొలి రోజులే మంచివి. సఫారీ మాత్రం జులై నుంచి సెప్టెంబరు దాకా మూసి ఉంటుందని గుర్తుంచుకోండి. అడవిలోకి ప్లాస్టిక్ తేవద్దన్న నిషేధం ఉన్నా, మెట్ల పక్కన చిప్స్ కవర్లు కనబడ్డాయి. దుప్పి ఉప్పదనానికి ఆ కవరును కూడా నమిలి మింగుతుందని గైడు ముందు రోజే చెప్పి ఉన్నాడు. అందుకే మా అమ్మాయి పైకి ఎక్కేటప్పుడు రెండు చేతుల నిండా కవర్లు ఏరింది, నేనేమీ చెప్పలేదు. స్టీలు సీసాల్లో నీళ్లు తీసుకుపోతే ఏ ఇబ్బందీ ఉండదు.

తిరుగు దారిలో రోడ్డు పొడవునా కోతులు. ముందు కారులోంచి అరటిపండ్లు విసురుతున్నారు. పుణ్యమని అనుకుంటారు కాబోలు. ఆ పండు కోసం రోడ్డు మధ్యకు ఉరికిన పిల్లకోతి మా టైరుకు జానెడు దూరంలో తప్పించుకుంది. రంగాపూర్ దగ్గరి ఉమామహేశ్వరంలో కూడా కోతులదే రాజ్యం. అయినా కొండ చరియ కింద పాపనాశనం నీళ్లు, వాటి చల్లదనం, ఆ నిశ్శబ్దం కోసం పొద్దున్నే పోవచ్చు. సెలవు రోజు మధ్యాహ్నం మాత్రం పోవద్దు.

నాల్గవ రోజు చుట్టు తిరిగి అయినా సరే మహబూబ్‌నగర్‌లో పిల్లలమర్రి చూసి రావాలన్నది మా నాన్న కోరిక. పెళ్లి కాకముందు ఒకసారి పాలమూరు వచ్చినప్పుడు చూశాడట. ఏడు వందల ఏళ్ల చెట్టని చెప్పుకుంటారు, ఊడలు దిగి మూడెకరాల దాకా పరుచుకుంది. 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగి పడ్డాక సందర్శకులను ఆపేశారు. చెదలు లోపలిదాకా తిన్నాయని తేలాక, 2018లో కొమ్మలకు రంధ్రాలు చేసి, ఆసుపత్రిలో రోగికి ఎక్కించినట్టు వందల కొద్దీ సెలైన్ సీసాలతో మందు ఎక్కించారు. కొమ్మలకు కింద సిమెంటు స్తంభాలు ఆసరా కట్టారు, ఊడలు నేలను అందుకునేదాకా పైపుల్లో మట్టి పోసి సాకారు.

మేము కంచె ఇవతల నుంచే చూశాము. ఇంత దూరం వచ్చి చెట్టును ముట్టుకోలేకపోయామని మా పక్కన ఒకాయన కసురుకున్నాడు. మా అమ్మాయి సిమెంటు స్తంభాలు లెక్కపెడుతూ, చెట్టుకు ఎవరు దెబ్బ కొట్టారని అడిగింది. చెదలు, వయసు, నీళ్లు లేకపోవడం అని నేను చెప్పబోతున్నాను. మా నాన్న కంచె కమ్మీ మీద చేయి పెట్టి, ఒక వంగిన కొమ్మ వైపు చూపించాడు.

"గా కొమ్మ మీద మేం పదిమందిమి ఊగినం బిడ్డా" అన్నాడు.