కవలల బండి: మూడేళ్లు పైబడిన వాడకం తర్వాత

కవల పసిపిల్లలిద్దరినీ పక్కపక్కనే కూర్చోబెట్టి తోసుకెళ్లే ఈ బండిలో (స్ట్రోలర్) మెచ్చుకోదగిన గుణం ఒక్కటి చెప్పమంటే, రెండు సీట్లూ దేనికది విడిగా వెనక్కి వాలడమే అంటాను. వెడల్పు, బరువు, మడత పెట్టే పద్ధతి పెట్టె మీదే అచ్చువేసి ఉంటాయి కనుక వాటి జోలికి పోను. కొనే ముందు మీ లిఫ్టు తలుపు ఎంత మేర తెరుచుకుంటుందో టేపు పెట్టి కొలుచుకోండి. జాలీ తలుపుల పాత లిఫ్టయితే ఈ బండి ఆశ దాదాపుగా వదులుకోవలసిందే.

కవలలంటే ఒకేసారి ఆకలేసి, ఒకేసారి నిద్రపోయే పిల్లలని చుట్టాలు అనుకుంటారు. మా ఇంట్లో ఏనాడూ అలా జరగలేదు. మాది విశాఖపట్నం. సాయంత్రం బండి కదిలితే చాలు, సిరిపురం నుంచి పాండురంగాపురం డౌన్ దిగేలోపే బాబు తల వాల్చేస్తాడు. పాప మాత్రం బీచ్ రోడ్డులో మొక్కజొన్న పొత్తులు కాల్చే బండ్లన్నీ చూసి, ఇంటికి వచ్చి, రాత్రి పది దాటినా కబుర్లు ఆపదు. దీనికి ముందు మా ఆడపడుచు ఇంటి నుంచి కొన్నాళ్లకని తెచ్చుకున్న బండిలో రెండు సీట్లూ కలిసే వాలేవి కనుక, తమ్ముడు నిద్రపోయినప్పుడల్లా అక్క కూడా ఆకాశం చూస్తూ పడుకోవలసి వచ్చేది, ఆమె ఏడుపుకు అతను లేచేవాడు. ఈ బండి వచ్చాక ఆ తగువు తీరింది.

దీని విలువ నాకు పూర్తిగా తెలిసింది మా మరిది పెళ్లిలో. ముహూర్తం అర్ధరాత్రి దాటాక ఉంది. మండపం పక్కన, సన్నాయి కాస్త తక్కువగా వినబడే మూలలో బండి నిలిపి, బాబు సీటు పూర్తిగా వాల్చి, సీటు పైనున్న ఎండ టోపీ లాగి, దాని మీద పాత నూలు చీర ముక్క కప్పాను. పాప పక్క సీటులో నిటారుగా కూర్చుని, బూందీ తింటూ, పెళ్లంతా కళ్లార్పకుండా చూసింది. జీలకర్ర బెల్లం పెట్టే వేళ అందరూ వధూవరుల మీద అక్షింతలు వేస్తుంటే, తన గుప్పెట్లో ఉన్నవన్నీ తమ్ముడి సీటు టోపీ మీద వేసింది. అతను కదలలేదు. ఇద్దరినీ చెరో భుజాన వేసుకుని తెల్లవార్లూ నిలబడవలసిన నేనూ మావారూ ఆ రాత్రి అప్పగింతల వరకూ కుర్చీల్లో కూర్చోగలిగాము. కవలల తల్లిదండ్రులకు పెళ్లిలో కుర్చీ దొరకడమంటే ఏమిటో విడిగా చెప్పనక్కరలేదు.

అయితే ఈ వాలు మీట నొక్కితే పనిచేసేది కాదు. సీటు వెనుక ఉన్న పట్టీని బిగించాలి లేదా వదలాలి. వదలడం ఒక చేత్తో అయిపోతుంది, పైకి లేపడానికి మాత్రం రెండు చేతులూ కావాలి. పాప సీటు లేపుతున్నప్పుడు మధ్య గొట్టం కదిలి పక్కనున్నవాడు ఉలిక్కిపడతాడు. పిల్లల బరువు పెరిగిన కొద్దీ ఆ పట్టీ పట్టు కొంత వదిలింది. ఇప్పుడు నిటారుగా బిగించిన సీటు కూడా ఇంటికి చేరేసరికి కొంచెం వాలి ఉంటోంది.

ఇక చక్రం సంగతి. రెండవ వానాకాలం వెళ్లేసరికి ఎడమవైపు ముందు చక్రం కీచుమనడం మొదలైంది. నూనె వేస్తే రెండు రోజులు ఊరుకుని మళ్లీ అరిచేది. తరువాత బండి ఎడమకు లాగసాగింది. ఒక ఆదివారం ఉదయం కురుసుర జలాంతర్గామి మ్యూజియం ముందు ఆ చక్రం అడ్డం తిరిగి బిగుసుకుపోయింది. మావారు ఊళ్లో లేరు, బాబు నిద్రలో ఉన్నాడు. ముందు భాగాన్ని పైకెత్తి వెనుక చక్రాల మీద కొంత దూరం నెట్టాను. ఆటో ఎక్కాలంటే బండి మడవాలి, మడవాలంటే బాబును లేపాలి. లేపాను. ఇల్లు చేరేదాకా అతను ఏడుస్తూనే ఉన్నాడు, ఆటో డ్రైవరు పాపం రెండుసార్లు ఆపి, ఏమైనా కావాలా అని అడిగాడు.

అమ్మిన సంస్థకు ఫోన్ చేస్తే చక్రం విడిగా దొరకదని, పాత బండి ఫోటో పంపితే కొత్తదానిపై కొంత తగ్గిస్తామని చెప్పారు. నాకు అసలైన కోపం అక్కడ వచ్చింది. చక్రం పాడవడం గురించి కాదు, ఏ బండికైనా చక్రం అరుగుతుంది. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ ముక్క ఒకటి అరిగితే, మిగిలిన అల్యూమినియం, గుడ్డ, సీట్లు అన్నీ బాగున్నా, కొత్త బండి కొనుక్కోమనడం గురించి.

మా వీధి చివర సైకిల్ షాపు బాబాయ్ దగ్గరకు చక్రం పట్టుకెళ్లాను. ఆయన ఇరుసు ఊడదీసి, లోపల ఇరుసు చుట్టూ ఉండే నైలాన్ బుష్‌ను వెలుతురుకు పెట్టి నాకు చూపించాడు. గుండ్రంగా ఉండవలసిన రంధ్రం కోడిగుడ్డులా సాగి ఉంది, అంచున సముద్రపు ఇసుక అంటుకుని ఉంది.

“ఇది ఇసుక ఒక్కటే చేసిన పని కాదమ్మా. ఇసుకే అయితే రెండో చక్రం కూడా ఇలాగే ఉండాలి. ఈ వైపు కూర్చునే బిడ్డ బరువెక్కువా?” అని అడిగాడు.

బరువెక్కువే. పుట్టినప్పుడే పాప, బాబు కన్నా 400 గ్రాములు ఎక్కువ. ఆ తేడా ఇప్పుడు రెండు కిలోలు దాటింది. మొదటి రోజు నుంచీ పాపది ఎడమ సీటే. సీట్లు మార్చి కూర్చోబెట్టి చూశాను. పాప దిగి రోడ్డు మీద నిలబడింది, బాబు తన సీటు పట్టీలు గట్టిగా పట్టుకుని ఏడ్చాడు. ఒకే బండి, ఒకే గది, ఒకే పుట్టినరోజు పంచుకునే పిల్లలకు ఆ సీటైనా సొంతంగా ఉండాలనిపించడం సహజమేనేమో, నేను రెట్టించలేదు.

బాబాయ్ చెప్పిన ఉపాయం ప్రకారం లేత్ షాపులో రెండు ముందు చక్రాల మధ్య భాగాన్నీ 22 మిల్లీమీటర్లకు తొలిపించి, స్కేటింగ్ చక్రాల్లో వేసే 608 నంబరు బేరింగులు కూర్పించాను. ఇనుప మూత ఉన్నవి వద్దు, రబ్బరు సీలు ఉన్నవే వేయించమని ఆయన పట్టుబట్టాడు. బీచ్ ఇసుక లోపలికి పోకుండా కాపాడేది ఆ రబ్బరే. మా బండి ఇరుసు 8 మిల్లీమీటర్లు కావడం వల్ల అవి సరిపోయాయి, మీదానికి కొలిచి చూసుకోవాలి. ముందు చక్రాలు బొత్తాం నొక్కితే ఊడివస్తాయి కనుక, పిల్లల సీట్లు మార్చే బదులు నెలకోసారి చక్రాలనే ఎడమా కుడీ మారుస్తున్నాను. బండి ఇప్పుడు కొత్తలో కన్నా తేలికగా నడుస్తోంది. లేత్ పనికీ బేరింగులకూ అయిన ఖర్చు, సంస్థవారు కొత్త బండిపై ఇస్తామన్న తగ్గింపుకన్నా తక్కువే.

పిల్లలకు నాలుగేళ్లు నిండాయి. ప్లే స్కూలుకు ఉదయం నడిచే వెళ్తారు, మధ్యాహ్నం తిరిగి వచ్చేటప్పుడు ఎండకు మాత్రం బండి కావాలి. బెల్టు బొత్తాం విప్పడం ఇద్దరికీ వచ్చేసింది కనుక, పాండురంగాపురం డౌన్‌లో ఒక చేయి బ్రేకుకు దగ్గరగా, రెండవది పాప భుజం మీద పెట్టుకునే దిగుతున్నాను. అసలు చిక్కు బరువుది. మా బండికి సీటుకు 15 కిలోలే పరిమితి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల్లో మధ్యస్థ బరువు మూడేళ్ల మగపిల్లలకు 14.3, ఆడపిల్లలకు 13.9 కిలోలు, నాలుగేళ్లకు 16.3, 16.1. అంటే ఓ మోస్తరు ఒళ్లున్న పిల్లలకు నాలుగు నిండకుండానే ఈ బండి కాలం చెల్లుతుంది. బాబు ఇంకా ఆ గీతకు కింద ఉన్నాడు, పాప దాటింది. పిల్లల బండ్లకు ఉన్న ఐరోపా ప్రమాణం ఈఎన్ 1888లో రెండవ భాగం 22 కిలోల వరకు వర్తిస్తుంది. ఆ గుర్తు ఉన్నది దొరికితే, ధర కొంచెం ఎక్కువైనా, స్కూలు వయసు వరకూ వాడాలనుకునేవారు దాన్నే చూడటం మేలు.

కాబట్టి కొనమని చెప్పాలా? మాకు లిఫ్టు ఉంది, తెల్లవారుజామున వాహనాలు తిరగని బీచ్ రోడ్డు దగ్గరలో ఉంది, నిద్రవేళలు కలవని పిల్లలున్నారు, చేతిపని తెలిసిన బాబాయ్ వీధి చివరనే ఉన్నాడు. వీటిలో ఏ రెండు లేకపోయినా నా అభిప్రాయం మారిపోయి ఉండేదేమో. మీ కవలలు కలిసి నిద్రపోయేవారైతే విడివిడి వాలు కోసం ఇంత డబ్బు పెట్టనక్కరలేదు. రెండవ అంతస్తుకు మెట్లే గతి అయితే, రెండు తేలికపాటి ఒంటి బండ్లే నయం, ఇద్దరు పెద్దవాళ్లు ఎప్పుడూ తోడుంటేనే సుమా. మాది వచ్చే వేసవి తరువాత అమ్మకానికి పెడతాము. చక్రాలకు లేత్ పని అయిందని, ఎడమ సీటు పట్టీ కొంచెం జారుతుందని ముందే చెప్పి ధర అడుగుతాము.