గ్రంథాలయానికి ఏది మేలు: సెస్సా, గ్రాంటా, దాతలా?

మొన్న ఇంటి పన్ను కట్టి వచ్చి, రసీదు తీరిగ్గా చూశాను. ఆస్తి పన్ను కింద ఇంకో వరుస ఉంది: గ్రంథాలయ సెస్సు. రూపాయి పన్నుకు ఎనిమిది పైసలు. ఐదు వేలు కట్టేవాళ్లు నాలుగు వందలు లైబ్రరీకి ఇస్తున్నట్టు. హన్మకొండలో మేడకైనా, నర్సంపేట పక్క పల్లెలో పెంకుటింటికైనా లెక్క అదే. జన్మలో లైబ్రరీ గడప తొక్కనివాళ్లు కూడా ఏటా చందా కడుతూనే ఉన్నారన్నమాట.

అదే వారం, నేను రోజూ వెళ్లే శాఖా గ్రంథాలయంలో తొమ్మిది పేపర్లు కాస్తా నాలుగయ్యాయి. పేపర్ బాయ్‌కి బాకీ పెరిగిపోయిందట. "పైనుంచి బడ్జెట్ రాలేదు సార్" అన్నాడు అక్కడి ఉద్యోగి. పొద్దున ఎనిమిదింటికే వచ్చే పెద్దాయన ఒకరు ఉన్న పేపరునే పేజీలుగా విడదీసి, జిల్లా ఎడిషన్ నాకిచ్చి, సంపాదకీయం తన దగ్గర పెట్టుకున్నారు. పక్క గదిలో గ్రూప్స్‌కు చదివే పిల్లలు టిఫిన్ బాక్సులతో పాటు కుర్చీలు కూడా ఇంటి నుంచే తెచ్చుకుంటున్నారు.

బడ్జెట్ కోత పడ్డప్పుడల్లా మనవాళ్లు చెప్పే మందులు మూడు. గ్రాంటు పెంచమని అడగడం, దాతలను పట్టుకోవడం, సెస్సు రాబట్టడం.

గ్రాంటు లేకపోతే ఉద్యోగుల జీతాలు లేవు, కాబట్టి అది అక్కర్లేదనే మాటే లేదు. చిక్కెక్కడంటే, ఖజానా బిగిసినప్పుడు జీతం ఆపితే ధర్నా జరుగుతుంది, పుస్తకాల కొనుగోలు ఆపితే ఎవరికీ తెలియదు. అందుకే కత్తెర ముందు పుస్తకాల మీదే పడుతుంది. ఇంకో నష్టం కూడా ఉంది. కోల్‌కతాలోని రాజా రామమోహన్‌రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ రాష్ట్రాలకు మ్యాచింగ్ పద్ధతిలో సాయం చేస్తుంది. రాష్ట్రం తన వాటా వేస్తేనే అటువైపు వాటా కదులుతుంది. ఇక్కడ తగ్గిస్తే అక్కడిదీ పోతుంది.

దాతల సంగతికి వస్తే, మన ఊరికి గొప్ప చరిత్రే ఉంది. హన్మకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం 1904లో వెలిసింది. నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకం కోసం జనమే పూనుకుని నిలబెట్టుకున్నది. ఈ పేరు చెప్పి "అప్పుడు చేయగలిగింది ఇప్పుడు చేయలేమా, గణపతి మండపానికి పది రోజుల్లో లక్షలు పోగవుతాయి కదా" అంటారు. కానీ అప్పటివాళ్లు లైబ్రరీ పేరుతో పన్ను కట్టలేదు. మనం కట్టాం. కట్టినదాని లెక్క అడగకుండా మళ్లీ చందా పుస్తకం పట్టుకోవడం నాకు మింగుడుపడదు.

పైగా దాతలకు కనిపించే వస్తువు కావాలి. బీరువా ఇస్తారు, తలుపు మీద నాన్నగారి పేరు రాయిస్తారు. తప్పేం లేదు. కరెంటు బిల్లు మీద ఎవరి పేరు రాయిస్తాం? మా దగ్గర ఒక దాత ఇచ్చిన కంప్యూటర్లు ఇప్పటికీ ప్లాస్టిక్ కవర్లలోనే ఉన్నాయి, నెట్ బిల్లు కట్టే దిక్కు లేక. పుస్తకదానం అంటే చాలాసార్లు ఇల్లు ఖాళీ చేసే పనే, పాత ఎంసెట్ గైడ్లు వచ్చి పడతాయి.

నా ఓటు సెస్సుకే. అది ప్రభుత్వం దయతలచి ఇచ్చే డబ్బు కాదు. గ్రంథాలయ చట్టం 1960 నాటిది. పంచాయతీ, మున్సిపాలిటీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు అప్పజెప్పాల్సిన డబ్బు అది. మధ్యలో ఆగుతుంది. వీధి దీపాలు, చెత్త బండ్ల డీజిల్ ముందుకొస్తాయి, లైబ్రరీ బాకీ వచ్చే ఏడాదికి జరుగుతుంది. అందుకే "నిధులివ్వండి" అని మంత్రికి వినతిపత్రం ఇచ్చి ఫొటో దిగేకంటే, "ఎంత వసూలు చేశారు, ఎంత జమ చేశారు" అని సమాచార హక్కు కింద అడగడం మేలు. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో ఐదు రూపాయలు, ఆపైన పది. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి.

అయితే సెస్సుతో అందరి కడుపూ నిండదు. ఉమ్మడి వరంగల్ ఒక్క జిల్లాగా ఉన్నప్పుడు నగరం డబ్బు ఏటూరునాగారం దాకా పారే వీలుండేది. 2016లో విడగొట్టడం మొదలై, 2019లో ములుగు కూడా వేరయ్యాక ఎవరి సంస్థ వాళ్లదే. ఏజెన్సీ పల్లెల్లో ఇంటి పన్నే అంతంతమాత్రం, దానిలో ఎనిమిది పైసల వంతు ఎంతని? ములుగు, భూపాలపల్లి లాంటి చోట్ల గ్రాంటు కోసమే కొట్లాడాలి. అక్కడ నా మాట చెల్లదు.

ఇక పాత కాగితాలు, అంటే ఆర్కైవ్స్. వీటికి సెస్సు లేదు. దాతలూ రారు, చెదపురుగుల మందుకు శిలాఫలకం వేయరు కదా. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నవాటిలో ఎక్కువ భాగం ఫార్సీ (పర్షియన్), ఉర్దూ. చదివి సూచిక రాసేవాళ్లకు జీతం ఇవ్వాల్సింది ప్రభుత్వమే. ఇది చరిత్ర ప్రొఫెసర్ల గోల అనుకునేవాళ్లు ఒకసారి తహసీల్ ఆఫీసు ముందు నిలబడాలి. భూమి తగాదా వచ్చిన రైతు అడిగేది 1954-55 ఖాస్రా పహాణీ, అంటే ఏ భూమి ఎవరిదో, ఎవరు సాగు చేశారో రాసిన రికార్డు, లేదంటే ఉర్దూలో ఉన్న సేత్వార్, అంటే పాత భూసర్వే రిజిస్టరు. మా బంధువు ఒకరికి అలాంటి నకలు చేతికొచ్చేసరికి, సర్వే నంబరు ఉన్న మూల తడిసి ఊడిపోయింది. మిగతా పేజీ అంతా శుభ్రంగానే ఉంది. రెండేళ్లుగా వాయిదాలకు తిరుగుతున్నాడు.

స్కాన్ చేసి కాగితం పారేస్తే ఖర్చు తగ్గుతుందని సలహా ఇచ్చేవాళ్లున్నారు. స్కాన్ చేయండి, మంచిదే. పారేయడం దేనికి? మసకగా వచ్చిన స్కాన్ మీద కోర్టులో అనుమానం లేస్తే ఏం చూపిస్తాం?

సోమవారం మా మున్సిపల్ ఆఫీసులో సెస్సు లెక్కల కోసం దరఖాస్తు ఇచ్చాను. తీసుకున్న గుమాస్తా రెండుసార్లు చదివి, "ఇది ఏ సెక్షన్‌కు పంపాలి సార్?" అని నన్నే అడిగాడు. అకౌంట్స్‌కు పంపమన్నాను. స్టాంపు వేయించుకున్న కాపీ ఇంటి పన్ను రసీదుకు పిన్ను చేసి పెట్టుకున్నాను.