షటిల్, సభ, అబిడ్స్ పుస్తకాలు, లామకాన్: మెట్రోలో తిరిగే హైదరాబాద్ వారాంతం

శనివారం పొద్దున షటిల్, సాయంత్రం చిక్కడపల్లిలోనో రవీంద్రభారతిలోనో ఒక సభ, ఆదివారం పొద్దున అబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాలు, సాయంత్రం లామకాన్ అనే సాంస్కృతిక వేదిక. హైదరాబాద్‌లో రెండు రోజులు నిండుగా గడపడానికి ఇంతకంటే మంచి వరస నాకు కనపడలేదు. చాలాకాలంగా ఇదే నడుపుతున్నా కాబట్టి గట్టిగానే చెప్తున్నా. ఈ నాలుగూ విడివిడిగా అందరికీ తెలిసినవే. నాలుగింటినీ రెండు రోజుల్లో పట్టించాలంటే దేన్ని ఏ వేళకు పెట్టాం, మధ్యలో ఎంత ఖాళీ వదిలాం అన్నదే అసలు సంగతి. సోమవారం ఆఫీసులో కునికిపాట్లు పడేది ఆడి అలసిపోయినందుకు కంటే ట్రాఫిక్‌లో నలిగినందుకే ఎక్కువ. అందుకే ఈ వరసంతా మెట్రో స్టేషన్ల చుట్టూ అల్లుకున్నది.

షటిల్‌కు శనివారం 6 నుంచి 7:30 స్లాటే మేలు. ఇక్కడ చాలా కోర్టులు రేకుల షెడ్లలోనే ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో ఎనిమిది దాటితే లోపల ఉక్కపోతకు నిలబడలేం. ఒక కోర్టుకు ఆరుగురు సరైన లెక్క. నలుగురినే పిలిస్తే ఒకరు ఎగ్గొట్టినా డబుల్స్ పోతుంది, ఎనిమిదిమందైతే సగం సేపు బెంచీ మీదే. 21 పాయింట్ల డబుల్స్ గేము 12 నుంచి 15 నిమిషాల్లో తేలిపోతుంది కాబట్టి గంటన్నరలో ఆరు గేములు పడతాయి. గేముకు ఇద్దరు చొప్పున వంతులవారీగా కూర్చుంటే ఒక్కొక్కరికి నాలుగు గేములు దక్కుతాయి. గెలిచిన జత కోర్టు వదలదు అనే పద్ధతి మాత్రం పెట్టుకోకండి. బలమైన ఇద్దరే గంటన్నరా ఆడతారు, కొత్తగా వచ్చినవాళ్లు నాలుగు వారాలు తిరక్కుండానే మానేస్తారు. ఎవరు ఏ గేముకు కూర్చోవాలో ముందురోజే వాట్సాప్‌లో పెట్టేస్తే కోర్టులో చర్చ ఉండదు.

కాక్ (షటిల్‌కాక్) విషయంలో జాగ్రత్త అవసరం. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉంది. ఎత్తుతో పాటు వేడి కూడా గాలిని పలచబరుస్తుంది, కాక్ వేగంగా పోతుంది. విశాఖలో సరిగ్గా పడే కాక్ ఇక్కడ మే నెలలో గీత దాటిపోతుంది. నైలాన్ కాక్‌లలో మావిస్ 350 అనే రకం వాడేవాళ్లు కింది పట్టీ రంగు చూసుకోవాలి: ఆకుపచ్చ నెమ్మది, నీలం మధ్యస్థం, ఎరుపు వేగం. ఎండాకాలంలో ఆకుపచ్చ, మిగతా నెలల్లో నీలం సరిపోతాయి. ఈకల కాక్ అయితే ట్యూబు మీది వేగం అంకె చూసి, వేసవిలో 77 బదులు 76 అడగండి, అంకె తగ్గితే నెమ్మది. పరీక్ష తేలికే. వెనక గీత మీద నిలబడి, కింది నుంచి పూర్తి బలంతో పైకి, పక్క గీతకు సమాంతరంగా కొట్టాలి. ఎదుటి వెనక గీతకు 53 నుంచి 99 సెంటీమీటర్ల లోపల పడితే ఆ కాక్ సరైన వేగంలో ఉన్నట్టు.

పొడి వాతావరణంలో ఈకలు పెళుసెక్కి రెండో గేముకే విరుగుతాయి. ముందురోజు రాత్రి ట్యూబు రెండు మూతలూ తీసి, మరిగే నీళ్ల ఆవిరి ఒక్కో చివర పది సెకన్లు పట్టించి, మూతలు బిగించి నిలబెట్టి ఉంచితే మన్నిక బాగా పెరుగుతుంది. అంతకంటే ఎక్కువ పడితే కాక్ బరువెక్కి దారి తప్పుతుంది. రాకెట్‌ను ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే గట్టింగ్ (తీగల అల్లిక) వదులవుతుంది. వారానికి ఒకటి రెండు రోజులు ఆడేవాళ్లకు 22 నుంచి 24 పౌండ్ల బిగువు చాలు. 28 వేయించుకుని మోచేయి నొప్పి తెచ్చుకోనక్కర్లేదు.

వారంలో ఈ ఒక్కరోజే ఆడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. కండరాల నొప్పి మర్నాటికి ముదురుతుంది. అంటే సరిగ్గా అబిడ్స్‌లో వంగి పుస్తకాలు వెతికే సమయానికి తొడలు పట్టేస్తాయి. మందులేమీ అక్కర్లేదు, వారం మధ్యలో ఇంకోరోజు గంట ఆడితే ఈ బాధ తగ్గిపోతుంది.

ఆట తర్వాత సాయంత్రం దాకా ఏమీ పెట్టుకోకూడదు. ఇంటి పనులు, మధ్యాహ్నం నిద్ర, అంతే. ఇక్కడ సినిమా ఇరికిస్తే వారాంతం అక్కడే చెడుతుంది.

సాయంత్రం సభలకు రెండు దారులు. శ్రీ త్యాగరాయ గానసభకు గ్రీన్ లైన్‌లో చిక్కడపల్లి స్టేషన్. రవీంద్రభారతికి రెడ్ లైన్‌లో అసెంబ్లీ, లక్డీకాపూల్, రెండూ నడక దూరమే. గానసభలో పెద్ద హాలుతో పాటు కళా సుబ్బారావు కళావేదిక అనే చిన్న హాలు కూడా ఉంది కాబట్టి ఒకే సాయంత్రం రెండు కార్యక్రమాలు జరుగుతుంటాయి. ఒకటి నచ్చకపోతే రెండోది ఉండనే ఉంటుంది. ఎక్కువ భాగం ప్రవేశం ఉచితం. ఆహ్వాన పత్రిక చదవడం అలవాటు చేసుకోవాలి. ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి అంటూ పేర్లు అయిదారు దాటితే జ్యోతి ప్రజ్వలన, ప్రసంగాలు, శాలువాలు అయ్యేసరికి గంట పడుతుంది. 6 గంటలకని వేస్తే పాట 7కు మొదలవుతుంది. పాట కోసమే వెళ్లేవాళ్లు ఆ లెక్కన బయల్దేరితే సరి. నాటక పరిషత్తు పోటీలైతే ఇది వర్తించదు. అక్కడ నాటికలు వరసగా పడతాయి, ఆలస్యమైతే కథ అందదు.

సంగీతానికి స్పీకర్ల ముందు వరసలు వద్దు. హాలు మధ్యలో, నడవాకు దగ్గరగా కూర్చుంటే మృదంగం గాత్రాన్ని మింగదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన సురభి నాటకం ఎప్పుడు పడినా వదులుకోకండి. తెరలు మారే వేగం, తీగల మీద పాత్రలు ఎగరడం చూడాలంటే దానికీ మధ్య వరసలే బాగు. మరీ ముందుంటే తీగలు కనపడతాయి. రవీంద్రభారతిలో పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్ కూడా ఉంది. సినివారం పేరుతో శనివారాల్లో లఘుచిత్రాలు వేసిన హాలు అదే. చిన్నది, త్వరగా నిండుతుంది.

ఇక ఆదివారం అబిడ్స్. ఈ వరసకు ప్రాణం ఇదే. మిగతా మూడూ మానేయమన్నా మానేస్తాను గానీ దీన్ని మాత్రం వదలను. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి వాటి ముందు ఫుట్‌పాత్, మెట్లు పుస్తకాలవాళ్లవి. తొమ్మిదిన్నరకు పట్టాలు పరవడం మొదలవుతుంది, పదిన్నరకు దాదాపు అందరూ సర్దేసి ఉంటారు. పన్నెండు దాటితే ఎండ. నాంపల్లి స్టేషన్లో దిగి, అబిడ్స్ అంతా చూసుకుంటూ కోఠి వైపు నడిచి, ఉస్మానియా మెడికల్ కాలేజ్ స్టేషన్లోనో సుల్తాన్ బజార్‌లోనో రైలెక్కాలి. ఇలా ఒకే దిక్కుగా వెళ్తే సంచి బరువెక్కాక వెనక్కి నడవక్కర్లేదు. టిఫిన్ అబిడ్స్ తాజ్‌మహల్ హోటల్లో ముందే కానిచ్చేయడం మంచిది. ఆకలి మీద బేరమాడితే ఓపిక ఉండదు.

రెండు గుడ్డ సంచులు, చిల్లర, చేతులు తుడుచుకునే గుడ్డ, వానాకాలమైతే ఒక పెద్ద పాలిథిన్ కవరు తీసుకెళ్లాలి. కుప్ప మీద అట్టముక్కపై ధర రాసి ఉంటే బేరం పెద్దగా నడవదు. ధర లేని చోట ఒక్కో పుస్తకానికి బేరమాడకుండా నాలుగైదు ఏరి కలిపి అడిగితే బాగా దిగుతారు. ప్లాస్టిక్ కవర్లో మెరిసే కొత్త ఇంగ్లిష్ బెస్ట్‌సెల్లర్లు చాలావరకు దొంగ ముద్రణలు. అట్ట మీద అక్షరాల అంచులు మసకగా ఉంటాయి, లోపలి వరసలు ఒక పక్కకు ఒరిగి ఉంటాయి, మధ్యలో పేజీలు లేకపోవడమూ మామూలే. వాటి జోలికి పోవద్దు.

పాత తెలుగు పుస్తకం చేతికొస్తే అట్ట, ధర తర్వాత చూసుకోవచ్చు, ముందు ఫారాలు, అంటే కలిపి మడిచి కుట్టిన పేజీల కట్టలు, చూడాలి. డెమీ సైజు పుస్తకాలు ఎక్కువగా 16 పేజీల ఫారాలుగా కుట్టి ఉంటాయి. ఊడితే ఒక పేజీ ఊడదు, ఫారం మొత్తం ఊడుతుంది. కాబట్టి 16-17, 32-33, 48-49, ఇలా అతుకుల దగ్గర అంకెలు వరసగా ఉన్నాయా చూస్తే చాలు, అర నిమిషం పని. వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు చింపి ఇళ్లల్లో బైండు చేయించుకున్న సంపుటాలు ఇక్కడ అపురూపమైన సరుకు. అప్పటి బొమ్మలతో సహా, పుస్తకంగా రాని నవలలు కూడా వాటిలో దొరుకుతాయి. వాటికి పేజీ అంకెలు పనికిరావు, ప్రతివారం వేరే అంకె ఉంటుంది. ప్రతి భాగం చివరి వాక్యం, తర్వాతి భాగం మొదటి వాక్యం కలుస్తున్నాయా చూడాలి. అన్నిటికంటే ముందు చిట్టచివరి పేజీ తిప్పాలి. అక్కడ ‘సమాప్తం’ ఉంటే కొనండి, ‘సశేషం’ ఉంటే ధర సగానికి అడగండి.

పురుగు సంగతి. పుస్తకాన్ని వెన్ను పైకి ఉండేలా పట్టుకుని అరచేతి మీద తట్టాలి. సన్నటి పొడి రాలితే లోపల పురుగు బతికే ఉండొచ్చు. చిల్లులున్నా పొడి రాలకపోతే అది బహుశా పాత గాయమే. పేజీ మూలను కొద్దిగా వంచితే పటుక్కుమంటే కాగితంలో ఆమ్లం పనిచేసేసినట్టు. అలాంటివి ఒకసారి చదవడానికే, దాచుకోవడానికి కాదు.

ఇంటికి తెచ్చినవి తిన్నగా అలమరలో పెట్టకండి, ఉన్న పుస్తకాలకు పురుగు అంటిస్తారు. ఎండలో పెట్టడం మన ఇళ్లల్లో పాత అలవాటు, కానీ ఎండకు కాగితం ఇంకా పెళుసవుతుంది. నీడలో, ఫ్యాను కింద, పేజీలు విచ్చుకునేలా నిలబెట్టి రెండు రోజులు ఆరనివ్వాలి. పురుగు అనుమానముంటే రెండు పాలిథిన్ కవర్లలో గాలి నొక్కేసి టేపుతో మూసి, డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచాలి. బయటికి తీశాక కవరు ఒక రోజంతా విప్పకూడదు. చల్లటి కాగితం మీద గాలిలోని తడి చేరి బూజు పట్టేది ఇక్కడే. చిరుగులకు సెల్లోటేప్ వాడితే కొన్నేళ్లకు జిగురు గోధుమరంగు మరకై అక్షరాల్లోకి ఇంకుతుంది. పలచటి కాగితం, నీళ్లు కలిపిన ఫెవికాల్ చాలు. బైండింగ్‌కు ఇస్తే మైదా జిగురులో మైలుతుత్తం కలుపుతారా అని అడగండి. కలపకపోతే ఆ మైదానే పురుగును పిలుస్తుంది. అంచులు కత్తిరించవద్దని కూడా ముందే చెప్పాలి, లేదంటే మార్జిన్‌లో ఎవరో రాసుకున్న మాటలు పోతాయి.

లామకాన్ గురించి క్లుప్తంగా చెప్తా. బంజారాహిల్స్‌లో, రోడ్ నంబర్ 1 పక్కన ఉన్న పాత ఇల్లు, 2010 నుంచి అందరికీ తెరిచిన వేదిక. నాటకం, ముషాయిరా (ఉర్దూ కవిసమ్మేళనం), డాక్యుమెంటరీ, చర్చ, ఏదో ఒకటి ఉంటుంది. సోమవారం సెలవు. చెట్ల కింద కూర్చుని తక్కువ ధరకు చాయ్, సమోసా తినొచ్చు. పార్కింగ్‌కు చోటు లేదు, పంజాగుట్ట స్టేషన్ దాకా రైల్లో వచ్చి ఆటో మాట్లాడుకోవడమే సుఖం. ఆరుబయట కార్యక్రమాలకు దోమల క్రీము తప్పనిసరి, ముఖ్యంగా వానలు వెనకబట్టాక. ఉర్దూ, ఇంగ్లిష్ కార్యక్రమాలు ఎక్కువ, తెలుగువి తక్కువ. ఈ ఒక్క లోటు నాకు ఇప్పటికీ బాధే. తొమ్మిదికల్లా బయటపడి చివరి రైలు వేళ చూసుకుంటే సోమవారం పాడవదు.

చిన్నపిల్లలున్న ఇళ్లకు అబిడ్స్ పొద్దు కష్టమే. ట్రాఫిక్ పక్కనే ఫుట్‌పాత్, వాళ్లను కనిపెట్టుకుంటూ పుస్తకాలు చూడలేం. ఒకరు పుస్తకాలు చూస్తుంటే ఇంకొకరు పిల్లల్ని మొజంజాహీ మార్కెట్‌కు ఐస్‌క్రీముకి తీసుకెళ్లాలి. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లిలో నుమాయిష్ అనే పెద్ద ప్రదర్శన ఉంటుంది, ఆ రోజుల్లో సాయంత్రాలు రెడ్ లైన్ కిక్కిరిసిపోతుంది. శనివారం సభను చిక్కడపల్లికి మార్చుకుంటే ఆ రద్దీ తగలదు. వినాయక నిమజ్జనం రోజున మొజంజాహీ మార్కెట్ నుంచి ట్యాంక్‌బండ్ దాకా దారులన్నీ ఊరేగింపులవే, ఆ చుట్టుపక్కల ఏ కార్యక్రమమూ పెట్టుకోకండి.