ఏఏ మీటింగ్: హాలుకెళ్లాలా, జూమ్‌లో చేరాలా?

మా బాబాయి మందు మానడానికి రెండూ ట్రై చేశాడు కాబట్టి చెప్తున్నా. ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే సంఘం, 1935లో అమెరికాలో మొదలైంది, ఫీజు లేదు, ఇంటిపేరు కూడా అడగరు, మానాలన్న కోరిక ఉంటే చాలు.

జూమ్ అయితే సుఖమే, కెమెరా ఆఫ్ చేస్కుని కూర్చోవచ్చు, తెలిసినోళ్లు చూస్తారేమో అన్న భయం లేదు, అర్ధరాత్రి తాగాలనిపించినా ఏదో దేశంలో ఏదో ఒక మీటింగ్ నడుస్తూనే ఉంటది. కానీ మా బాబాయి మ్యూట్‌లో పెట్టేసి టీవీలో క్రికెట్ చూసేవాడు, అదీ సంగతి!

హాల్లో ఆ పప్పులుడకవు. ప్లాస్టిక్ కుర్చీలు, పేపర్ కప్పులో టీ, పక్కనాయన లేచి "నేనూ తాగుబోతునే" అనగానే ఈయన తల దించుకుని ఏడ్చేశాడంట, తనే చెప్పాడు. పైగా స్పాన్సర్, అంటే ముందే తాగుడు మానేసి కొత్తవాళ్లకి తోడుండే పాత సభ్యుడు, దొరికింది అక్కడే, ఇప్పుడు మనసు లాగితే ముందు ఆయనకే ఫోను. ఊరు దూరమైతే జూమే దిక్కు, దగ్గర్లో ఉంటే మాత్రం నా ఓటు హాలుకే.

ఇంట్లోవాళ్లు తోడెళ్తే ఓపెన్ మీటింగో కాదో ముందే కనుక్కోండి, క్లోజ్డ్‌కి రానివ్వరు. ఇంకోటి, రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, ముందు డాక్టర్‌ని కలవండి. ఏం తోచకపోతే 14446కి కొట్టండి, గవర్నమెంటు హెల్ప్‌లైనే, ఫ్రీ.