అక్రోపోలిస్‌కి ఒక పూట, ఎపిడారస్‌కి ఒక రోజు

గ్రీసు వెళ్తున్నామనగానే అందరూ శాంతోరిని చూసి రమ్మన్నారు. నేనూ నాన్నా దీవుల జోలికి పోలేదు. నాన్న లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు, వయసులో ఉన్నప్పుడు ఊళ్ళో పద్యనాటకాలు ఆడారు. ఆయన చూడాలనుకున్నవి గుళ్ళు, రంగస్థలాలు, ఒక పాత యంత్రం. అందుకే సెప్టెంబరులో ఏథెన్స్‌లో నాలుగు రాత్రులు, ఎపిడారస్ రంగస్థలానికి దగ్గరి ఊరు నాఫ్ప్లియోలో ఒక రాత్రి పెట్టుకున్నాం.

ఎయిర్‌పోర్టు నుంచి మెట్రోలో వచ్చాం. టికెట్ 9 యూరోలు. సింటాగ్మాలో రైలు మారితే తర్వాతి స్టేషనే అక్రోపోలి. బస కుకాకి పేటలో. టూరిస్టుల పేట ప్లాకాకంటే సందడి తక్కువ, అక్రోపోలిస్ కొండకి నడిచి వెళ్ళేంత దగ్గర. రూము శుభ్రంగా ఉంది కానీ రెండో రోజు లిఫ్టు ఆగిపోయింది. ఓనరు సాయంత్రం దాకా ఫోనెత్తలేదు. మోకాళ్ళ నొప్పులతో నాన్న నాలుగంతస్తులు రెండుసార్లు ఎక్కారు. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు కింది అంతస్తు అడిగి తీసుకోండి.

అక్రోపోలిస్ టికెట్ 30 యూరోలు, టైము స్లాటుతో ముందే ఆన్‌లైన్లో కొనాలి. పొద్దున్నే మొదటి స్లాటు తీసుకోండి, పదయ్యేసరికి పైన కాలు పెట్టే చోటుండదు. పాలరాయి నున్నగా అరిగిపోయింది, జారని బూట్లు కావాలి. కొండ మీది పార్థెనాన్ గుడిని క్రీ.పూ. 447లో మొదలుపెట్టి 15 ఏళ్ళలో ముగించారు. గుడి మూల దగ్గర నిలబడి మెట్ల అంచు వెంట చూపు సారిస్తే, అది తిన్నగా లేదని, మధ్యలో కొద్దిగా ఉబ్బి ఉందని తెలుస్తుంది. స్తంభాలు కూడా లోపలికి కాస్త వాలి ఉంటాయి. అంత పెద్ద కట్టడంలో ఆ కొంచెం వంపు కోసం ఒక్కో రాయినీ విడిగా కొలిచి చెక్కాలి కదా! నాన్న అక్కణ్ణుంచి చాలాసేపు కదల్లేదు.

నిజానికి కొండ మీద కంటే కింద మ్యూజియంలోనే నాకు ఎక్కువ అర్థమైంది. 2009లో తెరిచారు. పై అంతస్తులో గుడి చుట్టూ ఉండే శిల్పాలని అదే వరసలో పెట్టారు. ఇక్కడ మిగిలినవి తేనెరంగు రాళ్ళు, లండన్‌కి తరలిపోయినవాటికి తెల్లటి ప్లాస్టర్ నకళ్ళు. ఒకే బొమ్మలో సగం అది, సగం ఇది కనిపిస్తే గుండె కలుక్కుమంటుంది. కొండ మీదే ఇంకో గుడిలో స్తంభాల్లా పైకప్పు మోసిన స్త్రీమూర్తులు ఇక్కడ ఐదుగురే, ఆరో ఆమె లండన్లో ఉంది. ఆమె చోటు ఖాళీగానే ఉంచారు. వాళ్ళ వెనక్కి వెళ్ళి చూడటం మరిచిపోకండి. ముఖాలు అరిగిపోయాయి కానీ వీపు మీది బరువైన జడలు, పాయ పాయా తెలిసేలా, అలాగే ఉన్నాయి.

నేషనల్ ఆర్కియలాజికల్ మ్యూజియం చాలా పెద్దది. టైము లేకపోతే ఆంటికితెరా యంత్రం ఉన్న గదికి నేరుగా వెళ్ళండి. 1901లో సముద్రం అడుగున మునిగిన ఓడలో దొరికింది. పెద్ద ముక్క అరచేతికంటే కొంచెం పెద్దది, పచ్చగా చిలుం పట్టిన కంచు. అందులో నాలుగు ఆకుల చక్రం స్పష్టంగా కనిపిస్తుంది. ఇది గ్రహణాలు ఎప్పుడొస్తాయో చెప్పే పళ్ళచక్రాల యంత్రం, వయసు రెండు వేల ఏళ్ళ పైమాటే. వెనకవైపు చుట్టలు తిరిగిన ఒక డయల్లో 19 ఏళ్ళకి 235 చాంద్రమాసాలు గుర్తుపెట్టారు. నాన్న వేళ్ళ మీద లెక్కేసి, "ఒరేయ్, పంతొమ్మిది పన్నెండ్లు రెండొందల ఇరవై ఎనిమిది, పైన ఏడు. మన అధికమాసాల లెక్కేరా!" అన్నారు. మన జ్యోతిషంలోని హోర, కేంద్రం అన్న మాటలు గ్రీకు నుంచే వచ్చాయని ఆయనే చెప్పారు.

అరిస్టాటిల్ పాఠం చెప్పిన లైసియంలో ఇప్పుడు పునాదులే ఉన్నాయి, అరగంట చాలు. తిండికి ఇబ్బంది లేదు. ఫావా అడగండి, అచ్చం మన ముద్దపప్పే, మీద ఆలివ్ నూనె, ఉల్లిపాయ ముక్కలు. అన్నం కూరిన టమాటాలు కూడా బాగుంటాయి, మాంసం కలపలేదని అడిగి తీసుకోండి.

ఒక్కటే చూసే వీలుంటే నేను ఎపిడారస్సే చూస్తాను. నాఫ్ప్లియో నుంచి బస్సులో వెళ్ళాం. క్రీ.పూ. 4వ శతాబ్దపు రంగస్థలం, కొండవాలులో 55 వరసల రాతి మెట్లు. కింద నాణెం పడితే పై వరసకి వినిపిస్తుందన్నది అతిశయమే. గట్టిగా పలికిన మాట మాత్రం చెక్కుచెదరకుండా వస్తుంది. ఆ మెట్లే జనం సద్దులాంటి మంద్రమైన శబ్దాలని అణిచేస్తాయట. గ్రీకు నాటకంలోనూ ఆడవేషాలు మగవాళ్ళే వేసేవారు, మా ఊళ్ళో లాగే. నేను పై వరసలో కూర్చున్నాను. నాన్న కింద నాటకమాడే వృత్తం మధ్యలోకి వెళ్ళి, గొంతు సవరించుకుని, రాగం తీసి ఒక పద్యం ఎత్తుకున్నారు. చివర్లో ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగితే, ఆ ఆగడం కూడా నాకు తెలిసింది. పక్క వరసలో ఒక గ్రీకు పెద్దావిడ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

తిరుగు బస్సులు తక్కువ, టైము దిగేటప్పుడే కనుక్కోండి. మేం కనుక్కోలేదు. పైన్ చెట్ల కింద గంటన్నర కూర్చున్నాం. నాన్న ఇంకో మూడు పద్యాలు పాడారు.