టీకా కబురు: తయారైన వీడియోనా, ఆశా దీదీ వాయిస్ మెసేజా?

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా వీధి వాట్సాప్ గ్రూపుకి ఆరోగ్య ప్రచారం రెండు రకాలుగా వస్తుంది. ఒకటి ఖర్చుపెట్టి తీసిన నిమిషం వీడియో. రెండోది ఆశా దీదీ, అంటే మా వీధి ఆరోగ్య కార్యకర్త, పెట్టే వాయిస్ మెసేజ్.

వీడియో ఒకేసారి వేలమందికి చేరుతుంది, ఎన్ని చేతులు మారినా మాట మారదు. కానీ మాది ఆంధ్ర సరిహద్దు. ఒడియాలో వస్తే మా ఇంట్లో పెద్దవాళ్లు వినకుండానే జరిపేస్తారు. తెలుగులో వచ్చేది మహేంద్రతనయ నది అవతల, ఆంధ్రలోని పాతపట్నం వైపు నుంచి. "మీ సచివాలయానికి వెళ్లండి" అంటుంది. ఇక్కడ ఊరి సచివాలయం ఎక్కడిది! తేదీలూ కలవవు. 9 నెలల నుంచి 15 ఏళ్లలోపు పిల్లలకి మీజిల్స్-రుబెల్లా టీకా ప్రచారం ఆంధ్రలో 2017లో మొదలైతే, ఒడిశాలో 2018లో మొదలైంది.

దీదీ మెసేజ్‌లో వెనకాల కుక్కర్ విజిల్ కూడా వినిపిస్తుంది. అయినా ఏ రోజు, ఏ అంగన్‌వాడీ, ఎన్నింటికి అన్నీ ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యం, ఆమెని తిరిగి అడగొచ్చు. "జ్వరం వస్తుందట కదా?" అంటే, "కొందరికి వస్తుంది, తగ్గిపోతుంది. తగ్గకపోతే ఫోన్ చెయ్యండి" అంటుంది. రాదని బుకాయించదు. నా లెక్కలో నమ్మకం అక్కడే పుడుతుంది.

ఆమెతో ఇబ్బంది లేకపోలేదు. ఒక్క మనిషి, బోలెడు ఇళ్లు. పొరపాటున తప్పు చెబితే అదే ఊరంతా పాకుతుంది. అందుకే పుకారు ఒక్కసారిగా లేచినప్పుడు నేను వీడియోకే ఓటేస్తాను. టీకా రోజు దగ్గరపడితే మాత్రం దీదీకే. ఆ వీడియోలోని సంగతులే నాలుగు తెలుగు వాక్యాల్లో రాసి ఆమె చేతికిస్తే, చదివి పంపేస్తుంది.